పాత క్యామ్రీకి హిచ్: వెయ్యి పౌండ్లంటే వెయ్యి పౌండ్లే

అమెరికాలో పెరట్లో సొరపాదూ బెండ మడులూ వేసుకునే మనవాళ్లకి ఏటా వసంతం రాగానే ఒకటే చిక్కు. కంపోస్టు తేవాలి, మొక్కల మొదట్లో పరిచే మల్చ్ తేవాలి, పందిరికి కర్రలు తేవాలి. ఇంటి ముందున్నది చూస్తే 2007-2011 నాటి టొయోటా క్యామ్రీ. దానికి హిచ్ (ట్రైలర్ తగిలించడానికి కారు వెనక అడుగున ఉండే ఇనప చట్రం) బిగించి చిన్న ట్రైలర్ లాగొచ్చా అని అడిగితే రెండు రకాల జవాబులొస్తాయి. "పాత కారు, అందులో సెడాన్, ఆ జోలికే పోకు, పికప్ కొనుక్కో" అంటారు ఒకరు. "యూరప్‌లో ఇంతకన్నా చిన్న కార్లు క్యారవాన్లనే లాగుతున్నాయి, మాన్యువల్లో రాసిందంతా లాయర్ల భయం, హిచ్ మీద రెండు వేలని అచ్చేసి ఉంది కదా, లాగెయ్" అంటారు ఇంకొకరు. ఇద్దరిదీ తప్పేనని నా వాదన. ఒంట్లో సత్తువ ఉన్న పాత క్యామ్రీ తేలికపాటి ట్రైలర్‌ని ఏళ్ల తరబడి లాగగలదు. కాకపోతే ఆ పని బాగా కుదిరిందా లేదా అన్నది బరువు లెక్కలోనూ, కారు అడుగున తుప్పులోనూ, లైట్ల వైరింగులోనూ తేలుతుంది. బోల్టులు బిగించడం వీటన్నిటికన్నా సులువు. చాలామంది శ్రద్ధంతా ఆ సులువైన పని మీదే ఖర్చయిపోతుంది.

అంకె ఎవరిది

ఈ తరం క్యామ్రీకి అమెరికా మాన్యువల్ ఇచ్చిన హద్దు 1,000 పౌండ్లు, సుమారు 450 కిలోలు. ట్రైలర్ సొంత బరువూ, అందులో వేసిన సరుకూ కలిపి ఆ వెయ్యి. 2002-2006 హోండా సీఆర్-వికి 1,500. ఆ రోజుల టొయోటా సియెన్నా వ్యానుకి 3,500. 2004-2009 ప్రియస్‌కైతే ట్రైలర్ కట్టొద్దనే మాన్యువల్ చెబుతుంది. దానికీ హిచ్‌లు అమ్ముతారు గానీ అవి సైకిల్ ర్యాక్ తగిలించుకోవడానికే.

హిచ్ మీదుండే అంకె వేరే కథ. క్లాస్ 1 హిచ్ అంటే 2,000 పౌండ్ల ట్రైలర్, ట్రైలర్ ముక్కు వచ్చి కూర్చునే ఇనప గుండు, అంటే బాల్ మీద 200 పౌండ్ల బరువు. క్లాస్ 2 అంటే 3,500. ఆ ఇనుము విరక్కుండా అంత లాగగలదని తయారీదారు ఇచ్చే మాట అది. కారు బ్రేకుల గురించీ, గేర్‌బాక్స్ వేడి గురించీ, వెనక స్ప్రింగుల గురించీ ఆ మాటలో ఏమీ లేదు. క్లాస్ 2 హిచ్ బిగించినంత మాత్రాన క్యామ్రీ 3,500 లాగే బండి అయిపోదు. కారు, హిచ్, బాల్‌ని మోసే బాల్ మౌంట్, బాల్, దాని మీద కూర్చునే ట్రైలర్ కప్లర్, ట్రైలర్ టైర్లు, వీటన్నిటి మీదా ఏదో ఒక అంకె ఉంటుంది. అందులో అన్నిటికన్నా చిన్నదే మీ హద్దు. క్యామ్రీ విషయంలో ఆ చిన్న అంకె దాదాపు ఎప్పుడూ కారుదే.

దీన్ని సరుకులోకి మార్చి చూద్దాం. మడతపెట్టి గ్యారేజీలో నిలబెట్టుకునే 4×8 అడుగుల ట్రైలర్, ప్లైవుడ్ నేలతో కలిపి, సుమారు 300 పౌండ్లు తూగుతుంది. మిగిలింది 700. గజం (ఘనపు గజం) లెక్కన అమ్మే మల్చ్, తడిని బట్టి 400 నుంచి 800 పౌండ్లు ఉంటుంది, కాబట్టి పొడి మల్చ్ ఒక గజం పడుతుంది, వాన కురిసిన మర్నాడైతే ముప్పావు గజమే. కంపోస్టు గజం వెయ్యి పౌండ్లు దాటిపోతుంది, అందుకని సగం గజమే వేయించుకోవాలి. తోట మట్టి గజం రెండు వేలకు పైనే. మట్టి అమ్మేచోట లోడర్ నడిపేవాడు ఒక్క బకెట్‌తో గజం మట్టి కుమ్మరిస్తాడు, మీ హద్దు రెండింతలు దాటాక గానీ మీకు తెలియదు. మట్టి కావలసినప్పుడు 40 పౌండ్ల సంచుల్లో కొనుక్కోవడం మేలు. పదిహేడు సంచులు లెక్కపెట్టి ఆపేయొచ్చు.

ఇల్లు మారడానికి అద్దెకిచ్చే మూత ట్రైలర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వాటిలో అతి చిన్నదైన 4×8 ఖాళీగానే 850 పౌండ్ల దాకా ఉంటుంది. క్యామ్రీకి మిగిలేది 150 పౌండ్లు, అంటే ఒక పరుపు, రెండు కుర్చీలు. చదువు ముగించుకుని డాలస్ నుంచో డెట్రాయిట్ నుంచో ఉద్యోగం ఊరికి సామాన్లన్నీ అందులో నింపుకుని వెయ్యి మైళ్లు పోదామనుకునే పిల్లలకి గట్టిగా చెప్పవలసిన మాట: ఆ పనికి చిన్న ట్రక్కు అద్దెకు తీసుకోండి.

యూరప్ వాదన

ఈ వాదనని తీసిపారేయను, అందులో సగం నిజం ఉంది. యూరప్ మాన్యువల్స్‌లో చాలా కార్లకి అమెరికాలో కన్నా ఎక్కువ బరువు రాసి ఉంటుంది. అయితే అక్కడ ఆ అంకె ఒంటరిగా రాదు, దానితోపాటు కొన్ని షరతులొస్తాయి. 750 కిలోలు దాటిన ట్రైలర్‌కి సొంత బ్రేకులుండాలి. కప్లర్ మీద పడే తోపుకి అవే పనిచేసే యాంత్రిక బ్రేకులవి. వేగానికి వేరే హద్దు: జర్మనీలో మామూలుగా గంటకి 80 కిలోమీటర్లు, ప్రత్యేక అనుమతి ఉంటే 100. బాల్ మీద మోపే బరువు కూడా అక్కడ తక్కువ. అమెరికాలో బాల్ మీద మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం పెట్టమంటారు, ఎందుకంటే ఇక్కడ హైవే మీద ట్రైలర్‌తోనూ 65, 70 మైళ్లలో పోతారు. ఆ వేగంలో ట్రైలర్ ఊగకుండా ఉండాలంటే ముందు బరువు ఎక్కువుండాలి. ముందు బరువు ఎక్కువైతే సెడాన్ వెనక భాగం మోయలేదు, దాంతో మొత్తం పరిమితి తగ్గిపోతుంది. ఒక అంకెకి రెండు దేశాల్లో రెండు నడవడికలు. యూరప్ అంకె కావాలంటే యూరప్ బ్రేకులూ యూరప్ వేగమూ కూడా తెచ్చుకోవాలి. అంకెని ఒక్కదాన్నే దిగుమతి చేసుకోవడం కుదరదు.

బాల్ మీద పడే బరువుని ఇక్కడ టంగ్ వెయిట్ అంటారు. ఎడ్లబండి తోలినవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు: గడ్డి మోపులు వెనక్కి పేర్చితే కాడి ఎద్దుల మెడ మీంచి పైకి లేస్తుంది. ట్రైలర్‌లోనూ బరువు ఇరుసు వెనక్కి పడితే కప్లర్ కారు వెనక భాగాన్ని పైకి ఎత్తుతుంది, వెనక టైర్లకి పట్టు తగ్గుతుంది, 50 మైళ్లు దాటగానే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. సరుకులో అరవై శాతం ఇరుసుకి ముందు, నలభై శాతం వెనక పడేలా సర్దితే టంగ్ వెయిట్ సుమారుగా సరిపోతుంది. సుమారుతో ఆగక్కర్లేదు, కొలవడం చాలా తేలిక. ట్రైలర్‌ని సమంగా నిలబెట్టి, చక్రాలకి అడ్డం పెట్టి, కప్లర్ కింద తగిన ఎత్తున్న చెక్కదిమ్మని బాత్రూమ్ తూకం మీద నిలిపి దించండి. వెయ్యి పౌండ్ల ట్రైలర్‌కి 100 నుంచి 150 చూపించాలి. క్యామ్రీకి నేను 100-120 దగ్గర ఆపమంటాను. మాన్యువల్లో టంగ్ వెయిట్‌కి వేరే హద్దు రాసి ఉంటే అదే పాటించాలి.

తక్కువ వైపు ఎందుకు ఆపమంటానంటే, బాల్ వెనక ఇరుసు మీద ఉండదు, దానికి సుమారు 45 అంగుళాలు వెనక ఉంటుంది. ఈ క్యామ్రీ వీల్‌బేస్ 109 అంగుళాలు. బాల్ మీద 100 పౌండ్లు పెడితే వెనక ఇరుసు మీద పడేది వంద కాదు, సుమారు 141. అదనంగా వచ్చిన ఆ 41 పౌండ్లు ముందు చక్రాల మీంచి లేచి వెనక్కి వచ్చినవే. ముందు చక్రాలే ఇంజిన్ తిప్పేవి, స్టీరింగ్ తిరిగేవి, ఎక్కువ బ్రేకు వేసేవి. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీ నిండా సామాను, ఆపైన ట్రైలర్ అంటే కారు ముక్కు పైకి లేచి, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. డ్రైవర్ తలుపు చట్రం మీద అతికించిన పట్టీలో మనుషులూ సరుకూ కలిపి ఎంతవరకు మోయొచ్చో రాసి ఉంటుంది. టంగ్ వెయిట్‌ని అందులోంచి తీసేయాలి. అక్కడ 900 అని ఉందనుకుంటే, 160 పౌండ్ల మనుషులు ఐదుగురు ఎక్కేసరికి 800 పోయింది, టంగ్ వెయిట్‌తో లెక్క ముగిసింది. డిక్కీలో పెరుగు డబ్బా పెట్టడానికి కూడా చోటు లేదు.

హిచ్ కొనేముందు కారు కిందికి దూరండి

టెక్సస్‌లో, కాలిఫోర్నియాలో పెరిగిన కారైతే ఈ భాగం తొందరగా అయిపోతుంది. న్యూజెర్సీ, ఒహాయో, మిషిగన్, ఇల్లినాయ్ కార్లకి మాత్రం అసలు పరీక్ష ఇదే. శీతాకాలం రోడ్ల మీద చల్లే ఉప్పు, హిచ్ బిగించే వెనక పట్టాల (కారు అడుగున పొడవుగా ఉండే బోలు ఇనప దూలాల) లోపలికి చేరి, అక్కడే తడిగా ఉండి, లోపలి నుంచి తినుకుంటూ వస్తుంది. పైకి నల్ల పూత బాగానే కనిపిస్తుంది. అందుకని చూస్తే చాలదు, కొట్టి చూడాలి. చిన్న సుత్తితో పట్టా పొడవునా తట్టుకుంటూ పోతే గట్టి ఇనుము ఖణేల్మంటుంది, కుళ్లింది డబడబమంటుంది. అనుమానం ఉన్నచోట మొండి స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. దిగబడిందంటే ఆ కారుకి హిచ్ వద్దు, సైకిల్ ర్యాక్ కూడా వద్దు. దాని మీద రేకు వెల్డింగ్ చేయించి హిచ్ పెట్టిస్తామనే షాపులుంటాయి. నేను ఒప్పుకోను. పలచబడ్డ పాత రేకుకి వేసిన వెల్డింగ్ దాని అంచు దగ్గరే చిరుగుతుంది, ట్రైలర్ అదిలింపులన్నీ పడేది సరిగ్గా అక్కడే.

పైపొర తుప్పుతో భయం లేదు, వైర్ బ్రష్‌తో గీకి ప్రైమర్ వేస్తే సరిపోతుంది. ఆ చేత్తోనే వెనక స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు చూడండి. షాక్ ఒళ్లంతా నూనె చెమర్చి ఉంటే ముందు అవి మార్చాలి. సమతలం మీద కారు ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా రెండు వైపులా కొలిచి రాసిపెట్టుకోండి. తరవాత బాల్ మీద బరువు పెట్టి మళ్లీ కొలిస్తే కారు ఎంత కుంగిందో తెలుస్తుంది. ఒక వైపు ఇంకోవైపు కన్నా ఎక్కువ దిగితే ఆ వైపు స్ప్రింగు అలసిపోయింది.

2007-2009 కార్లలో నాలుగు సిలిండర్ల 2.4 లీటర్ ఇంజిన్ ఉన్నవాటికి ఇంకో పరీక్ష ఉంది. ఆ ఇంజిన్లలో చాలావాటికి పిస్టన్ రింగుల వల్ల ఆయిల్ తినే జబ్బుందని అందరికీ తెలిసిందే. బరువు లాగితే ఆ ఆకలి పెరుగుతుంది. వెయ్యి మైళ్లకి ఎంత తగ్గుతోందో ముందే డిప్‌స్టిక్‌తో చూసుకోవాలి, ట్రైలర్ కట్టిన ప్రతిసారీ బయల్దేరేముందు కూడా చూడాలి. క్వార్టుకి మించి పోతుంటే ఆ కారుకి ట్రైలర్ పని పెట్టకపోవడమే మంచిది. గేర్‌బాక్స్ ఆయిల్ లక్ష మైళ్లు దాటినా ఎప్పుడూ మార్చకపోతే, హిచ్ డబ్బుకన్నా ముందు దాని మీద ఖర్చుపెట్టండి. మాన్యువల్ చెప్పిన ఆయిలే పోయాలి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ని చంపేది వేడి, ఆ వేడి పుట్టేది ఎక్కువగా టార్క్ కన్వర్టర్‌లో, ఎక్కుడు రోడ్డు మీద మెల్లగా లాగేటప్పుడు.

బిగింపు

క్యామ్రీ లాంటి కార్లకి దొరికే హిచ్‌లు సాధారణంగా క్లాస్ 1 లేదా 2. బాల్ మౌంట్ దూరే రిసీవర్ గొట్టం ఒకటింబావు అంగుళం, దాన్ని పట్టి ఉంచే పిన్ను అర అంగుళం. ఈ రెండు క్లాసులకీ గొట్టం కొలత ఒకటే అయినా క్లాస్ 2 బాల్ మౌంట్ క్లాస్ 1 రిసీవర్‌లోకి పూర్తిగా దిగదు, అలా దిగకుండా కావాలనే చేస్తారు. ఒకటింబావుని రెండంగుళాలుగా మార్చే అడాప్టర్లు దొరుకుతాయి గానీ బరువు లాగడానికి కొనొద్దు. అవి బాల్‌ని ఇంకా వెనక్కి జరుపుతాయి, పైన చెప్పిన 45 అంగుళాల లెక్క ఇంకా చెడుతుంది.

హిచ్ బరువు 25 నుంచి 40 పౌండ్లుంటుంది, కాబట్టి ఇద్దరుంటే మంచిది. కారుని జాకీ మీద వదిలేసి కిందికి దూరకూడదు, జాక్ స్టాండ్లు తప్పనిసరి, ముందు చక్రాలకి అడ్డం కూడా. ఈ కార్లలో పట్టా లోపల కర్మాగారంలోనే నట్లు అతికించి ఉంటాయి, లేదా ఖాళీ రంధ్రాలుంటాయి. నట్లుంటే వాటి మరల్లో పదిహేనేళ్ల తుప్పూ మట్టీ పేరుకుని ఉంటుంది. హిచ్ రాకముందే, ముందురోజు రాత్రి, వాటిలో తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి. మర్నాడు గొట్టం బ్రష్‌తో తోమి, మళ్లీ నూనె కొట్టి, మరలు శుభ్రం చేసే సరైన కొలత ట్యాప్‌ని చేత్తోనే తిప్పుతూ పంపాలి. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. కొలతా మర పిచ్చూ హిచ్‌తో వచ్చే కాగితంలో ఉంటాయి, ఊహించి వేరే ట్యాప్ పెడితే మరే పోతుంది. ఈ శుభ్రం చేయకుండా ఇంపాక్ట్ గన్‌తో బోల్టు ఎక్కిస్తే జరిగేది ఒకటే: బోల్టు బిగుసుకుని, లోపలి నట్టు అతుకు ఊడి, బోల్టుతో పాటు తిరుగుతూ ఉంటుంది. అప్పుడది ముందుకి రాదు, వెనక్కి పోదు. పట్టా చివరి తూటులోంచి పొడవాటి స్పానర్ దూర్చి నట్టుని పట్టుకోగలిగితే బతికిపోయినట్టే. లేకపోతే బోల్టు తల కోసేసి, షాపువాళ్ల చేత కొత్త నట్టు పెట్టించుకోవాలి.

ఖాళీ రంధ్రాలున్నచోట బోల్టుని పట్టా లోపలికి పంపాలి. దీనికి హిచ్‌తోనే చుట్టలు తిరిగిన తీగ ఇస్తారు. తీగ చివరని బోల్టు రంధ్రంలోంచి పెద్ద తూటు దాకా దూర్చి, దానికి దిమ్మ పలకనీ బోల్టునీ తొడిగి, మెల్లగా లాక్కుంటే బోల్టు తోక కిందికి వస్తుంది. తీగని వెంటనే తీసేయకండి. హిచ్ పైకి ఎత్తేటప్పుడు బోల్టు లోపలికి పడిపోతే ఆ తీగే దిక్కు.

సైలెన్సర్ అడ్డం వస్తే దాన్ని వేలాడదీసే రబ్బర్లు ఊడదీసి కిందికి దించాలి. సబ్బునీళ్లు కొడితే రబ్బరు జారుతుంది. సైలెన్సర్‌ని గాలిలో వేలాడనివ్వకుండా కింద జాకీ ఆన్చాలి, ఎందుకంటే పాత కారులో గొట్టం అతుకులు తుప్పుపట్టి ఆ బరువుకే విరుగుతాయి. పాత రబ్బర్లు పగుళ్లిచ్చి ఉంటే ఈ పనిలోనే కొత్తవి వేయడం నయం. బంపర్ కింది అంచునీ వేడి కవచాన్నీ కొంచెం కత్తిరించమని కాగితం చెబితే, చెప్పిన కొలత కన్నా అర అంగుళం తక్కువే కత్తిరించి, హిచ్ పెట్టి చూసి, తరవాత మిగతాది కోయండి.

హిచ్ పట్టాకి ఆనేచోట పాత అండర్‌కోటింగ్ దళసరిగా ఉంటే పూర్తిగా గీకేయాలి. చాలామంది వదిలేసే పని ఇది, తరవాత హిచ్ వదులవడానికి అసలు కారణమూ ఇదే. తారులాంటి ఆ పొర రెండు లోహాల మధ్య నలుగుతూ, వేసవి ఎండకి మెత్తబడి పక్కకి జారుతుంది. పొర పలచబడేకొద్దీ బోల్టులో ఉన్న లాగుడు తగ్గిపోతుంది. గీకిన చోట పలచగా ఒక కోటు ప్రైమర్ వేసి ఆరనిస్తే చాలు.

అన్ని బోల్టులూ చేత్తో మొదలుపెట్టి, మూడు నాలుగు మరలు ఎక్కాకే స్పానర్ తీయండి. పళ్లున్న వాషర్లొస్తే పళ్లు హిచ్ వైపు ఉండాలి. హిచ్‌ని ఇటూ అటూ కొలిచి మధ్యకి తెచ్చి, టార్క్ రెంచ్‌తో కాగితంలో రాసినంతే బిగించాలి, ఒకసారి సగం, రెండోసారి పూర్తిగా. తుప్పు పట్టకుండా ఉంటుందని బోల్టు మరలకి యాంటీ-సీజ్ పూసే అలవాటు కొందరికుంది. కాగితం చెప్పకపోతే పూయొద్దు. కాగితంలోని టార్క్ మామూలు మరల రాపిడిని బట్టి లెక్కగట్టింది. జారుడు పూత ఉంటే అదే టార్క్‌కి బోల్టు అనుకున్నదానికన్నా ఎక్కువ సాగుతుంది, కొన్నిసార్లు మెడ దగ్గర తెగుతుంది. మొదటి 50 మైళ్ల తరవాత టార్క్ మళ్లీ చూసుకోవాలి.

బాల్ విషయంలో ఒక్కటి తప్పినా ప్రమాదమే. తేలిక ట్రైలర్ల కప్లర్లు కొన్ని 1⅞ అంగుళాలవి, కొన్ని రెండంగుళాలవి. కొలత కప్లర్ మీద ముద్రించి ఉంటుంది. రెండంగుళాల కప్లర్ 1⅞ బాల్ మీద కూర్చుంటుంది, గొళ్లెం కూడా పడుతుంది, మొదటి గుంటలో ఊడి వస్తుంది. గొళ్లెం వేశాక ట్రైలర్ జాకీని తిప్పి కప్లర్‌ని పైకి ఎత్తి చూడండి: దాంతోపాటు కారు వెనక భాగం లేస్తే సరిగ్గా పట్టినట్టు. బాల్ కింద నట్టుని మామూలు రెంచ్‌తో "గట్టిగా" బిగించి వదిలేయడం ఇంకో తప్పు. ముప్పావు అంగుళం కాడ ఉన్న బాల్‌కి 160 ఫుట్-పౌండ్లు, అంగుళం కాడకి 250 కావాలి. ఒకటిన్నర అడుగుల రెంచ్ మీద అంతంత బలం పెట్టడం మామూలు మనిషికి కష్టం. పొడవు రెంచ్ లేకపోతే టైర్ల షాపులో రెండు నిమిషాల పని.

బాల్ మౌంట్ ఎత్తు కూడా చూసి కొనాలి. ట్రైలర్‌ని సమంగా నిలబెట్టి కప్లర్ ఎత్తు కొలవండి, కారు రిసీవర్ ఎత్తు కొలవండి. ఆ తేడా ఎంతో అంత పైకో కిందికో వంపున్న మౌంట్ తీసుకోవాలి. ట్రైలర్ ముక్కు పైకి ఉంటే టంగ్ వెయిట్ తగ్గి ఊగుడు మొదలవుతుంది.

లైట్లు

తేలిక ట్రైలర్‌కి నాలుగు తీగల చదునైన కనెక్టర్ చాలు. తెల్లది ఎర్త్, గోధుమరంగుది టెయిల్ లైట్లు, పసుపుది ఎడమ బ్రేకూ ఇండికేటరూ, ఆకుపచ్చది కుడివైపువి. చిక్కు ఎక్కడంటే, ట్రైలర్‌లో బ్రేకుకీ ఇండికేటర్‌కీ ఒకే బల్బు, చాలా జపాన్ కార్లలో అవి రెండు వేర్వేరు బల్బులు. వెనక ఇండికేటర్ ఎర్రగా కాక పసుపుగా వెలిగితే మీ కారు ఆ రకమే, మధ్యలో కన్వర్టర్ పెట్టాలి. దాన్ని పెట్టకుండా తీగలు నేరుగా కలిపితే బ్రేకు తొక్కినప్పుడల్లా ఇండికేటర్లు వెలుగుతాయి, ఫ్యూజులు పోతాయి.

కన్వర్టర్లలో రెండు రకాలున్నాయి. చవకది టెయిల్ లైటు తీగల్లోంచే కరెంటు తీసుకుంటుంది. రెండోది బ్యాటరీ నుంచి సొంత తీగతో తీసుకుని, కారు తీగల నుంచి సంకేతం మాత్రమే అందుకుంటుంది. పాత కారుకి రెండోదే పెట్టమని నా గట్టి సలహా. లెక్క చూడండి: ట్రైలర్లలో వాడే 1157 బల్బు బ్రేకు ఫిలమెంటు ఒక్కటే 2.1 ఆంపియర్లు లాగుతుంది. కొన్ని చవక కన్వర్టర్లలో ఒక్కో వైపుకి హద్దు సరిగ్గా అంతే ఉంటుంది. సాకెట్‌లో కొంచెం తడి చేరి కరెంటు కారినా కన్వర్టర్ మాడిపోతుంది, కొన్నిసార్లు కారు టెయిల్ ఫ్యూజునీ తీసుకుపోతుంది. బ్యాటరీ తీగ ఖర్చూ శ్రమా ఎక్కువే, ముందు నుంచి వెనకదాకా ఇరవై అడుగులు లాగాలి. ఫ్యూజు బ్యాటరీ దగ్గరే పెట్టాలి, ఎందుకంటే తీగ మధ్యలో ఎక్కడ ఒరుసుకుపోయినా కాపాడేది అదొక్కటే. తీగని సైలెన్సర్‌కి దూరంగా, వీలైతే కారు లోపల తలుపు గడపల పట్టీల కింద నుంచి తీసుకెళ్లండి. పని అంతా అయ్యాకే ఫ్యూజు తొడగాలి.

మీ మోడల్‌కి సరిపోయే సాకెట్‌తో వచ్చే టీ-హార్నెస్ దొరికితే అదే కొనండి. డిక్కీ పక్క అట్ట తీసి, టెయిల్ లైటు సాకెట్ ఊడదీసి, మధ్యలో దీన్ని గుచ్చితే అయిపోతుంది. అది దొరకక తీగలకి అతుకు వేయాల్సివస్తే, తీగని చీల్చి పట్టుకునే నీలం రంగు క్లిప్పులు వాడొద్దు. పాత తీగలో రాగి నల్లబడి ఉంటుంది, క్లిప్పు కత్తి పైపైనే తగిలి, ఒక చలికాలం గడిచేసరికి పట్టు పోతుంది. తొక్క తీసి, రాగి మెరిసేదాకా గీకి, టంకం వేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగాలి.

ట్రైలర్ లైట్ల రోగాల్లో ఎక్కువ భాగం ఎర్త్ దగ్గరే. ఎడమ ఇండికేటర్ వేస్తే రెండు వైపులా మసకగా మినుకుమంటే అది ఎర్త్ జబ్బు. కరెంటు దారి దొరక్క రెండో బల్బులోంచి తిరిగి వస్తోందన్నమాట. తెల్ల తీగని రంగు గీకిన శుభ్రమైన ఇనుముకి బోల్టుతో బిగించి, పైన గ్రీజు పూయండి. ట్రైలర్ వైపు కూడా అంతే, బాల్ ద్వారా ఎర్త్ వస్తుందిలే అని నమ్మొద్దు, బాల్ మీద గ్రీజు ఉంటుంది. బ్రేకు వెలిగి, ఒక వైపు ఇండికేటర్ మాత్రమే రాకపోతే అనుమానం కన్వర్టర్ మీద. ట్రైలర్ విప్పి, టెస్ట్ లైటుతో కారు కనెక్టర్ దగ్గర చూస్తే తప్పు ఎటువైపో ఒక్క నిమిషంలో తేలుతుంది. ట్రైలర్‌కి ఎల్ఈడీ లైట్లు వేస్తే కరెంటు బాగా తగ్గుతుంది, తడికీ నిలుస్తాయి. పాత కారుకి అది చాలా మంచి జోడీ.

రోడ్డు మీద

బ్రేకులు లేని వెయ్యి పౌండ్ల ట్రైలర్ వెనక ఉంటే 3,300 పౌండ్ల క్యామ్రీ ఆపాల్సిన బరువు 30 శాతం పెరుగుతుంది. బ్రేకులు మాత్రం అవే. ముందు బండికి దూరం ఆ మేరకు పెంచాలి. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే ఏ బండికైనా 55 మైళ్లే చట్టం. మిగతా చోట్ల కూడా నేను అదే పాటించమంటాను, చిన్న ట్రైలర్ టైర్లు ఎక్కువ వేగానికి చేసినవి కావు. 12 అంగుళాల చక్రం మీద వచ్చే 4.80-12 లోడ్ రేంజ్ బి టైరు 60 పీఎస్ఐ గాలి ఉన్నప్పుడే 780 పౌండ్లు మోస్తుంది. కారు టైర్లలాగే 32 చాల్లే అనుకుంటే పక్కలు నలిగి, వేడెక్కి, పగులుతుంది. ఎక్కుడులో గేరు ఒకటి కిందికి దించి పోనివ్వండి. గేర్‌బాక్స్ రెండు గేర్ల మధ్య ఊగిసలాడుతుంటే వేడి పెరుగుతుంది.

ట్రైలర్ ఊగడం మొదలైతే బ్రేకు తొక్కొద్దు, స్టీరింగ్ తిప్పి సరిచేయాలనీ చూడొద్దు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుంటే వేగం తగ్గేకొద్దీ అదే సర్దుకుంటుంది. తరవాత పక్కకి ఆపి సరుకు ముందుకి జరపాలి. భద్రతా గొలుసులు కప్లర్ కింద ఒకదాని మీదుగా ఒకటి దాటేలా తగిలించాలి. కప్లర్ ఊడినా ముక్కు నేలకి గుచ్చుకోకుండా ఆ కత్తెర మీద ఆగుతుంది. మలుపుకి సరిపడా వదులుండాలి, నేలకి ఒరిసేంత ఉండకూడదు.

ఏడాదికి రెండుసార్లు మల్చ్ తేవడమే మీ అవసరమైతే ఇదంతా అక్కర్లేదు, గంటల లెక్కన పికప్ అద్దెకి దొరుకుతుంది, చాలామంది అమ్మకందార్లు ఇంటికే తెచ్చి పోస్తారు. హిచ్, వైరింగ్, బాల్ మౌంట్ కలిపి మూడు నాలుగు వందల డాలర్లు, ట్రైలర్ దాని మీద అదనం. వాటికి తోడు రాష్ట్రాన్ని బట్టి ట్రైలర్ రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్‌వాళ్లకి ఒక ఫోను. నెలకి ఒకటి రెండుసార్లు తోట పనో, గుడి పండక్కి సామానో, వారాంతం సైకిళ్లో ఉన్న ఇంటికే ఈ ఖర్చు గిట్టుతుంది.

పని లేనప్పుడు బాల్ మౌంట్ తీసి డిక్కీలో పెట్టుకోండి. రిసీవర్‌లోనే వదిలేస్తే ఉప్పుకి రెండు చలికాలాల్లో అక్కడే అతుక్కుపోతుంది. గొట్టానికి రబ్బరు మూత వేసి, నాలుగు తీగల కనెక్టర్‌లో విద్యుత్ గ్రీజు కొంచెం నింపి దాని టోపీ పెట్టండి. ట్రైలర్ చక్రాల బేరింగులు ఏడాదికొకసారి విప్పి, పాత గ్రీజు తుడిచి కొత్తది నింపాలి. ప్రయాణంలో ఆగినప్పుడు చక్రం హబ్ దగ్గర అరచేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే పరవాలేదు, చేయి ఆనించలేనంత కాలితే అక్కడే ఆపి బేరింగు చూడాలి.